కల్వంలో కట్టిన వంతెన

మడకశిర వెళ్తున్నానంటే మా కాకినాడలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ ఏ గుడి ఉందని. గుడి కోసం కాదు, ఒక జిగురు సంగతి తేల్చుకోవడానికి వెళ్తున్నానని చెప్పాను. ఎండలు ముదురుతున్న రోజులు కదా, నాకు కాస్త వేడి చేసిందేమోనని జాలిగా చూసి ఊరుకున్నారు.

నేను రసాయనశాస్త్రం చెప్పుకుని బతికే మనిషిని. మాబున్ని అనే అమ్మాయి నా దగ్గర ఎమ్మెస్సీ చదివి, సొంత ఊరు మడకశిరలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరింది. ఉద్యోగం చేసుకుంటూనే నా కింద పరిశోధన చేస్తోంది. ఆమె పని వంతెన వలయాలు కట్టడం. భయపడకండి, చాలా తేలిక. ఒక బుట్టను తలుచుకోండి. బుట్ట అంచు గుండ్రంగా ఉంటుంది, దాని మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక పిడి ఉంటుంది. కార్బన్ పరమాణువులు ఉంగరంలా చేరితే అది అంచు. ఆ ఉంగరం మీదుగా, నడుమ నత్రజని పరమాణువును పెట్టుకున్న పిడి వేస్తే అదే వంతెన వలయం. కంటి డాక్టరు కనుపాప పెద్దదవడానికి వేసే చుక్కల మందులో కూడా ఇలాంటి వంతెనే ఉంది. అందుకే కొత్త వంతెనలు కట్టే పద్ధతుల కోసం ప్రపంచమంతా వెతుకుతుంటారు.

మాబున్ని కట్టిన వంతెన కొత్తది. అలాంటి పదార్థం ఇంతవరకు ఎవరూ చేయలేదు. సీసాలో పోసి పంపిన తెల్లటి స్ఫటికాలను మేం అన్ని పరీక్షలూ చేయించాం, ఆకారం అదే. చిక్కల్లా ఆమె రాసిన పద్ధతితోనే. సరుకులన్నీ కల్వంలో వేసి, నాలుగు చుక్కల స్పిరిటు పోసి నూరి, పలచటి గుడ్డ కప్పి వదిలేయమంది. పొయ్యి లేదు, ఫ్లాస్కు లేదు. మా ల్యాబులో ఎన్నిసార్లు నూరినా కల్వం అడుగున తేనె రంగు జిగురు తప్ప ఏమీ మిగల్లేదు. పద్ధతి అబద్ధమని, ఎలా చేసిందో దాచి ఏదో రాస్తోందని మా శాఖలో ఒకాయన నా మొహం మీదే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ గైడుగా సంతకం పెట్టాల్సింది నేను. నా చేతిలో రాని పద్ధతికి సంతకం పెట్టలేను. పెట్టకపోతే ఆ పిల్ల ఇన్నేళ్ళ కష్టం మట్టిపాలు. కాబట్టి సంచి సర్దుకున్నాను.

అనంతపురం: మరమరాల ఉప్మా

పొద్దున్నే రైలు దిగి తువ్వాలు తడిపి మొహం తుడుచుకుని, సంచి పట్టీకి కట్టాను. స్టేషను దాటి బస్టాండు చేరేసరికి అది అప్పడంలా ఎండిపోయింది. మా కాకినాడలో ఈ రోజుల్లో ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది. పెదవులు పగిలాయి కానీ, ఒంటికి చీర అంటుకోకుండా నడవడం ఎంత సుఖమో ఆ పూటే తెలిసింది.

బస్టాండు ఎదురుగా బండి మీద ఉగ్గాని అమ్ముతున్నారు. మనం మరమరాలంటామే, వాటిని ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో ముంచి పిండి, పోపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన ఒక మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మా ఊళ్ళో ఒక్క దోసెకు పెట్టే డబ్బుతో ఇక్కడ కడుపు నిండింది. బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే బండాయన నవ్వాడు.

"ఏమ్మా, కారమైందా? యా ఊరు మీది?"

"కాకినాడ. మేమూ కారం తినేవాళ్ళమే."

"తింటారు లేమ్మా, దాంట్లోకి ఇంత బెల్లం యేసుకోని తింటారు."

ఉక్రోషం వచ్చింది, ఇంకో బజ్జీ వేయించుకుని బెల్లం లేకుండానే తిన్నాను. దాని ఫలితం పెనుకొండ దాకా నాతోనే ఉంది.

కొత్తచెరువు: ఎక్కకూడని బస్సు

బజ్జీ మంటలో బోర్డు సరిగా చూడకుండా ఎదురుగా ఉన్న బస్సెక్కేశాను. ఊరు దాటాక కండక్టరు వచ్చి, మడకశిరకు టికెట్టు అడగ్గానే నోరు తెరిచాడు.

"ఇది పుట్టపర్తికి పోతాండాది గదమ్మా! ఎవురు ఎక్కమన్నారు మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదు. నేనే ఎక్కాను."

"కళ్ళద్దాలు పెట్టుకోని గూడా!" అని బస్సంతా వినేలా అన్నాడు. కోపం తెచ్చుకుందామంటే నిజమే అంటున్నాడాయె. అంతలోనే మెత్తబడి, "ఏం కాదులే. కొత్తచెరువులో దిగండి. ఆడ పెనుకొండ బస్సు దొరుకుతాది. ఆడినుంచి మడకశిరకు కావల్సినన్ని ఉండాయి" అని ధైర్యం చెప్పాడు. కొత్తచెరువు రాగానే తనే సంచి దింపి, ఏ బస్సు ఎక్కాలో అక్కడి మనుషులకు అప్పజెప్పి మరీ పోయాడు.

ఆ అప్పగింతలో నాకు దొరికిన తోడు ఒక పెద్దాయన, భుజాన గొంగడి. గొర్రెలు అమ్ముకుని వస్తున్నాడు. ఇద్దరం పక్కనున్న హోటల్లో కూర్చున్నాం. ఇక్కడ గ్లాసులో నీళ్ళు సగమే పోస్తారు. ఇంకా కావాలంటే మళ్ళీ సగం పోస్తారు, మొహం చిట్లించరు. మనం అంచుదాకా పోసి సగం వదిలేసి లేస్తాం. మొదట పిసినారితనం అనుకున్నాను. చుట్టూ చూస్తే ఏ బల్ల మీదా గ్లాసులో చుక్క మిగల్లేదు. నేనూ అడుగుదాకా తాగాను.

ఏం పని మీద పోతున్నానని పెద్దాయన అడిగాడు. ఒక పిల్ల చేసిన పని నిజమో కాదో కళ్ళారా చూడ్డానికని చెప్పాను.

"దానికోసరం అంత దూరం నుంచి వస్తాండారా? ఫోనులో అడిగితే చెప్పదా ఆ పాప?"

"చెప్పింది. నాకే నమ్మకం చాలలేదు."

ఆయన గొంగడిలోంచి గుప్పెడు చెనిక్కాయలు, అదే మన వేరుశనక్కాయలు, తీసి వలుస్తూ, "అట్లయితే నమ్మేదాకా ఆడనే ఉండండి. ఒకపూట చూసి లేసి పోవద్దండి" అన్నాడు. ఎందుకో ఆ మాట మనసులో పడింది. తన చేతిలోని చెనిక్కాయలు సగం నా ఒళ్ళో పోసి, నా బస్సు రాగానే లేచి నిలబడి సాగనంపాడు.

మడకశిర: పకీరప్ప ఇల్లు

పెనుకొండ దాటాక ఎర్రమట్టి, గుట్టలు, మళ్ళీ ఎర్రమట్టి. విత్తనం కోసం కాచుకుని ఉన్న చేలు ఆకాశం దాకా. బస్సులో మాటలు తెలుగులో మొదలై కన్నడంలో తేలుతున్నాయి. నాకు సగం అర్థమైతే, మిగతా సగం వాళ్ళ నవ్వులను బట్టి ఊహించుకున్నాను.

మాబున్ని బస్టాండుకు వచ్చింది. నన్ను చూడగానే సంచి లాక్కుంది కానీ కళ్ళలోకి చూడలేదు. నేను ఎందుకు వచ్చానో తనకు తెలుసు మరి.

వాళ్ళ నాయన పకీరప్ప పరుపులు కుడతాడు. ముందు గదే అంగడి. కనుబొమల మీద కూడా దూది. రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ, మీద నెయ్యి పెట్టారు. సంగటి నమలకూడదని, ముద్ద చేసి మింగాలని చిన్నపిల్లకు చెప్పినట్టు మాబున్ని నాకు చెప్పింది. నేను నమిలాను. పళ్ళకు అంటుకుని మాట రాక కూర్చుంటే ఆమె మొదటిసారి నవ్వింది.

భోజనమయ్యాక పకీరప్ప మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, మీ పాప కాలేజీలో ఏం చేస్తాంది అని అందరూ అడుగుతాండారు. నూరుతాంది అంటాను. ఏం నూరుతాంది అంటే నాకు తెల్దు. ఏందో కొత్తది చేసిందని పాప చెప్పింది గానీ, నేను ఎవురికీ చెప్పలేదు. మీరు చూసి నిజమే అంటే అప్పుడు చెప్తా."

కాకినాడలో నా సంతకమంటే ఒక కాగితం పని. ఇక్కడ ఒక తండ్రి తన కూతురి గురించి వీధిలో తలెత్తి చెప్పుకోవడానికి దాని కోసం ఎదురుచూస్తున్నాడు.

ఈ నూరే పద్ధతి ఆమెకెలా తట్టిందో కూడా చెప్పాలి. మామూలుగా ఇలాంటి వలయాలు కట్టాలంటే ఫ్లాస్కులో వేసి గంటల తరబడి మరిగిస్తాం. ఆవిరి పోకుండా పైన గాజు గొట్టం, దాన్ని చల్లబరచడానికి పంపు నీళ్ళు. ఆ నీళ్ళు అలా కారి కాలవలో పోతూనే ఉంటాయి. కాకినాడలో చదివేటప్పుడు మాబున్ని ల్యాబులో నడుస్తూ నడుస్తూ ఎవరి పంపు కనబడితే వాళ్ళది కట్టేసేది! తోటి పిల్లల పదార్థాలు మాడిపోయేవి, వాళ్ళు నా మీదికి వచ్చేవాళ్ళు. పిలిచి కేకలేస్తే, "కట్టకూడదని తెలుసు మేడమ్. చెయ్యి ఆగదు" అనేది. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే ఊళ్ళో పెరిగిన చెయ్యి అది. ఊరికి తిరిగి వచ్చాక పంపు అక్కర్లేని పద్ధతి కోసమే పట్టుబట్టింది. పట్టుబట్టి సాధించానంది. అదే నేను చూడాల్సింది.

కాలేజీ: కూలరు మర్యాద

మర్నాడు కాలేజీ ల్యాబులో అడుగుపెడితే చల్లటి గాలి మొహానికి కొట్టింది. కల్వం ఉన్న బల్ల పక్కనే ఒక పెద్ద కూలరు బుర్రున తిరుగుతోంది. సముద్రం పక్కనుంచి వచ్చిన మేడమ్ ఎండకు తట్టుకోలేరని, పకీరప్ప పెళ్ళిళ్ళకు షామియానాలు వేసే ఆయన్ని అడిగి తెచ్చి పెట్టించాడట. దానిలో పోసిన నీళ్ళు వాళ్ళింట్లో వంటకు దాచుకున్నవి. వద్దంటే బాధపడతారని కుర్చీ దాని ముందుకే లాక్కుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. పక్క బల్ల మీద ఒక పళ్ళెం నిండా కారం బొరుగులు కూడా పెట్టారు.

మాబున్ని సరుకులు తూచి కల్వంలో వేసి నూరడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి చూడముచ్చటగా తిరుగుతోంది, తొందర లేదు, ఆగడం లేదు. ముద్ద పసుపు రంగుకు తిరిగింది. ఇక కాసేపట్లో పొడిపొడిగా విడిపోవాలి. విడిపోలేదు. పొత్రానికి తీగలు తీగలుగా అంటుకుంది. ఇంకా నూరింది. తేనె రంగు వచ్చింది. అచ్చం మా కాకినాడ జిగురు!

మాబున్ని పొత్రం పైకెత్తి చూసి, మళ్ళీ నూరి, మళ్ళీ చూసింది. "ఎప్పుడూ ఇట్ల కాలేదు మేడమ్. ఒట్టు, ఒక్కసారి గూడా కాలేదు" అంది. కళ్ళు నిండిపోయాయి. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, మా శాఖలో ఆయన మాట నిజమవుతుందేమోనన్న భయం మీద వచ్చిన కోపం. నా మొహంలో మాత్రం అది ఆమె మీద కోపంలాగే కనబడి ఉంటుంది. లేచి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఒకపూట చూసి లేచి పోవద్దన్న పెద్దాయన గుర్తొచ్చి, సిగ్గేసి వెనక్కి వచ్చాను.

బొరుగులు

నేను వచ్చేసరికి మాబున్ని కళ్ళు తుడుచుకుని, నాకు ఏదో ఒకటి పెట్టాలని కాబోలు, బొరుగుల పళ్ళెం చేతిలోకి తీసుకుంది. రుచి చూద్దామని నాలుగు నోట్లో వేసుకుని నమలడం ఆపేసింది.

"మేడమ్, బొరుగులు మెత్తగా అయినాయి."

"అవుతాయి మరి. మూత పెట్టలేదుగా" అన్నాను. నాకు అందులో వింతేమీ కనబడలేదు. మా ఇంట్లో మరమరాల డబ్బా తెరిచి గిన్నెలో పోసేలోపే మెత్తబడతాయి.

"మా ఊర్లో కావు మేడమ్! రెండు దినాలు బయట పెట్టినా కరకరమంటాయి. పొద్దున తెచ్చిన బొరుగులివి."

ఇద్దరం ఒక్కసారే కూలరు వైపు తిరిగాం.

నా బుర్రకు అప్పుడు వెలిగింది. ఈ వంతెన కట్టుకునేటప్పుడు దానిలోంచే కొంచెం నీరు పుడుతుంది. ఆ నీరు బయటికి పోతే పని ముందుకు సాగుతుంది, పోకపోతే నడిమధ్యలో ఆగి జిగురవుతుంది. పిల్లలకు ఏటేటా బోర్డు మీద రాసి చెప్పే పాఠమే ఇది. మడకశిర గాలికి దాహం, పుట్టిన నీటిని పుట్టినట్టే తాగేస్తుంది. మా కాకినాడ గాలి తనే తడిసి ఉంటుంది, ఇంకెక్కడ తాగుతుంది? ఆ పూట నా సుఖం కోసం వీళ్ళు తడి గాలిని ప్రత్యేకంగా తెప్పించి కల్వం మీదికి తిప్పారు. ఈ మర్యాదే కొంపముంచింది.

"ఆర్పెయ్" అన్నాను.

కూలరు ఆగింది. కిటికీలు బార్లా తెరిచాం. బయటి వేడి గాలి లోపలికి వచ్చి మొహం మాడ్చింది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతోంది. గది బాగా ఎండేదాకా కూర్చుని, కొత్త సరుకు తీయించాను. మాబున్ని కల్వం ముందు కూర్చోబోతే లేపేశాను.

"నువ్వు కాదు. నేను నూరతాను. నీ చేతిలో వస్తే నీకే నమ్మకం. నా చేతిలో వస్తే లోకానికి నమ్మకం. నువ్వు సరుకు ముట్టుకోవద్దు, నోటితో చెప్పు."

ఆమె చెప్పింది. అబ్బో, ఏం చెప్పింది! "దంచొద్దండి మేడమ్, నూరండి. అంచుకు పోనీయద్దండి. తొందర పడతాండారు మీరు. మెల్లగా." ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత గద్దించలేదు. భుజం లాగేస్తున్నా కిక్కురుమనకుండా నూరాను. ముద్ద పసుపు రంగుకు తిరిగింది. తీగలు సాగలేదు. చూస్తుండగానే అంచుల దగ్గర తెల్లగా పొక్కుతూ, పొడిపొడిగా విడిపోవడం మొదలైంది. మాబున్ని ఊపిరి బిగపట్టడం నాకు వినబడింది. నేనూ అదే పనిలో ఉన్నాను. గుడ్డ కప్పి, తలుపు తాళం వేసి, తాళంచెవి నా కొంగుకే కట్టుకున్నాను.

మర్నాడు పొద్దున

గుడ్డ తీస్తే తెల్లటి పొడి. స్పిరిటులో కరిగించి చల్లారనిస్తే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు దిగాయి. ఆరబెట్టి, సన్న గొట్టంలో పోసి కరిగే వేడి చూశాం. ఆమె ఎప్పుడో రాసి పంపిన వేడి దగ్గరే, అటూ ఇటూ కాకుండా కరిగింది. కాకినాడ నుంచి తెచ్చిన ఆమె పాత స్ఫటికాలను దీనితో కలిపి చూసినా అక్కడే కరిగింది, వేరు వేరు పదార్థాలైతే ఇంకా ముందే కరిగిపోయేవి. రెండూ ఒకటే. పద్ధతి నిజం. పిల్ల నిజం. నా ల్యాబు, నా పేరు, నా పెద్దరికం ఉన్నచోట రానిది, పంపు లేని ఈ గదిలో నా చేతుల్లోనే వచ్చింది. నాకు ఎంత గర్వం కలిగిందంటే, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక మాబున్నిని గట్టిగా పట్టుకుని ఏడ్చేశాను. ఆమె నన్ను ఓదార్చింది!

అక్కడే బల్ల మీద కూర్చుని సంతకం పెట్టాను. పద్ధతి వివరాల్లో ఒక్క వాక్యం చేర్పించాను, ఇది పొడి గాలిలోనే చేయాలని. తేమ ఊళ్ళవాళ్ళు ఇక పొడి గాలి పెట్టెలు కొనుక్కుని చేసుకోవాలి. మడకశిరలో కిటికీ తెరిస్తే చాలు. వానలు లేవని ఈ నేలను నలుగురూ చిన్నచూపు చూస్తుంటే విన్నాను, నేనూ ఆ నలుగురిలో ఉన్నదాన్నే. ఈ పనికి మాత్రం మాకంటే ఈ ఊరే గొప్పది.

కూలరు తిరిగి ఇవ్వడానికి పకీరప్ప బండి తీసుకుని వచ్చాడు. ల్యాబు గడప దగ్గరే ఆగిపోతే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, భూతద్దం ఇచ్చి స్ఫటికాలు చూపించాను. చాలాసేపు వంగి చూశాడు.

"ఇది ఇంతకుముందు యాడా లేదా మేడమ్?"

"లేదు."

"బెంగుళూర్లో గూడా?"

"బెంగుళూర్లో లేదు, అమెరికాలో లేదు. మొదట పుట్టింది ఇక్కడే, ఈ బల్ల మీదే."

ఆయన భూతద్దం బల్ల మీద పెట్టి, తలపాగా విప్పి దులిపి మళ్ళీ కట్టుకున్నాడు. "అయితే చెప్పచ్చునా?" అన్నాడు.

"చెప్పండి. నేను చెప్పమన్నానని చెప్పండి."

బస్టాండు

సాయంత్రం నన్ను ఎక్కించడానికి తండ్రీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. చేతిలో ఓళిగల మూట, మనం బొబ్బట్లంటామే, అవి. వాటికి డబ్బులిస్తానంటే, "దుడ్లు ఎవురడిగినారు మేడమ్?" అని కసిరాడు పకీరప్ప. బజారులో నడుస్తుంటే అంగళ్ళవాళ్ళు లేచి నిలబడి మాబున్నిని చూస్తున్నారు. అంటే అప్పటికే చెప్పడం మొదలైపోయిందన్నమాట. ఆమె సిగ్గుతో తల దించుకుంటే, తలెత్తి నడవమని వీపు మీద ఒక్కటిచ్చాను.

కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన పెనుకొండ వెళ్ళే ఒక పంచెకట్టు ఆయన కూర్చున్నాడు. పకీరప్ప కిటికీ కడ్డీ పట్టుకుని, నన్ను దాటి ఆయనతో మాట కలిపాడు.

"అన్నా, మేడమ్‌ను పెనుకొండలో బస్సు మార్పించన్నా. వస్తూ తప్పు బస్సు ఎక్కినారు."

"ఎవురప్పా ఈమె?"

"కాకినాడలో పెద్ద ప్రొఫెసరు. లోకంలో యాడా లేనిదాన్ని మా పాప చేసింది. అది నేర్చుకునేకి వచ్చింటిరి."

"నాయనా!" అని మాబున్ని ఆయన చొక్కా పట్టుకుని లాగింది. బస్సు కదిలింది. పక్కనాయన నా తెల్ల జుట్టునూ, కింద నిలబడ్డ ఆ పిల్లనూ మార్చి మార్చి చూసి, నమ్మలేక అడిగాడు.

"నిజమేనా మేడమ్? ఆ పాప మీకు నేర్పించిందా?"

"నేర్పింది" అన్నాను.